అడుగు జిగ్గింగ్‌కి చవకలో రాడ్, రీల్ ఎలా ఎంచుకోవాలి: రాడ్ అన్నిటికన్నా చివర్లో కొనండి

నేను మొదట రాడ్డే కొన్నాను. నల్లగా, లావుగా ఉంది, పట్టుకుంటే చేతినిండా ఉంది, షాపులో ఊపి చూస్తే తిమింగలాన్నైనా లాగేస్తుందనిపించింది. తర్వాత దానికి తగ్గట్టు పెద్ద రీల్ కొన్నాను, రీల్‌కి తగ్గట్టు లావు దారం కొన్నాను, అన్నీ అయ్యాక మిగిలిన డబ్బులకి మూడు జిగ్‌లు (అడుక్కి వదిలే సీసపు ముక్కలు) వచ్చాయి, ఒక్కోటి 80 గ్రాములు. పడవ మీంచి 45 మీటర్ల నీళ్ళలో వదిలితే జిగ్ ఎటు పోయిందో తెలీలేదు. లావు దారాన్ని ప్రవాహం పట్టుకుని విల్లులా వంచేసింది, జిగ్ అడుగుకి తగిలిందో లేదో చేతికి అందలేదు, రాడ్ ఎత్తితే కొన కూడా వంగలేదు. గంటన్నరకి భుజం పట్టేసింది. నా పక్కన నిలబడ్డాయన చూపుడువేలంత సన్నటి రాడ్డుతో, చిన్న రీల్‌తో స్నాపర్ చేపలు ఒకదాని తర్వాత ఒకటి పడవలోకి ఎక్కిస్తూనే ఉన్నాడు. ఆయన సామాను ఖరీదు నాదానికంటే తక్కువేనని తర్వాత తెలిసింది.

నేను చేసిన తప్పు వరసలో ఉంది. లోతు, జిగ్ బరువు, దారం, రీల్, చివర్లో రాడ్, ఇదీ వరస. ఒక్కోటి దాని ముందున్నదాని మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, దీన్ని తలకిందులు చేస్తే చవకగా కొన్నా దండగే, ఖరీదుగా కొన్నా దండగే. ఈ గైడ్ కూడా అదే వరసలో వెళ్తుంది.

అడుగు జిగ్గింగ్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. చేప ఆకారంలో పోతపోసిన సీసపు ముక్కని (టంగ్‌స్టన్‌వి కూడా ఉంటాయి, అవి ఖరీదు) పడవ పక్కనుంచి నిలువుగా అడుగు దాకా వదిలి, అది తగలగానే రాడ్‌తో ఎగరేస్తూ రీల్ తిప్పుతూ పైకి తెస్తాం, అది గింగిరాలు తిరుగుతూ కిందికి పడేటప్పుడు దెబ్బతిన్న చేపలా కనిపించి గ్రూపర్, స్నాపర్ లాంటివి వచ్చి పట్టుకుంటాయి. ఎర అక్కర్లేదు. పనంతా చేతిదే, అందుకే చేతిలో ఉన్నది సరిగ్గా ఉండాలి.

ముందు లోతు, దాన్నిబట్టి జిగ్

మీరు ఎక్కువసార్లు వెళ్ళే చోట లోతెంతో కనుక్కోండి. ఏడాదికోసారి వెళ్ళే 150 మీటర్ల చోటు గురించి ఇప్పుడు మర్చిపోండి, దానికోసం కొంటే మిగతా అన్ని రోజులూ బరువు మోయాలి.

లెక్క చాలా మోటుది. మీటరు లోతుకి 2 గ్రాములు. నీళ్ళు నిలకడగా ఉంటే ఒకటిన్నర గ్రాము చాలు, ప్రవాహం గట్టిగా ఉంటే 3 గ్రాముల దాకా పోవాలి. అంటే 50 మీటర్లకి 100 గ్రాముల జిగ్ మీ మామూలు జిగ్, దానికి అటూ ఇటూ 80 నుంచి 150 మధ్యలో మీ పెట్టె నిండాలి. సరైన బరువు వేశారో లేదో దారమే చెబుతుంది. జిగ్ అడుగు తాకేసరికి దారం దాదాపు నిలువుగా ఉంటే బాగుంది, బాగా వాలిపోయి పడవకి దూరంగా వెళ్తుంటే బరువు పెంచాలి. వాలిన దారంతో ఎంత ఎగరేసినా ఆ వంపు సరిచేయడానికే మీ శక్తంతా పోతుంది, జిగ్ మాత్రం అక్కడే ఉంటుంది.

ఈ అంకె, మీ మామూలు జిగ్ బరువు, ఓ కాగితం మీద రాసుకోండి. రాడ్ కొనే రోజున మీకు కావలసింది ఇదొక్కటే. ఇక్కడినుంచి 50 మీటర్లు, 100 గ్రాములు అనుకునే చెబుతాను, మీ అంకె వేరైతే దానికి తగ్గట్టు మార్చుకోండి.

దారం: ఇక్కడ పిసినారితనం వద్దు

నైలాన్ దారం దీనికి పనికిరాదు. అది సాగుతుంది. యాభై మీటర్ల దారం వదిలాక మీరు రాడ్‌ని అర మీటరు ఎత్తితే ఆ ఎత్తంతా దారం సాగడంలోనే పోయి, జిగ్ ఓసారి ఒళ్ళు విరుచుకుని ఊరుకుంటుంది. బ్రెయిడ్ దారం (సన్న పోగులు జడలా అల్లినది) దాదాపు సాగదు, అంతే మందంలో నైలాన్ కంటే చాలా రెట్లు గట్టిది, అడుగున రాయి తగిలిందా ఇసుక తగిలిందా అన్నది కూడా చేతికి తెలుస్తుంది.

బ్రెయిడ్ మీద పీఈ అని ఒక నంబర్ ఉంటుంది. అది మందం కొలత, బలం కొలత కాదు. పీఈ 1 అంటే సుమారు 0.165 మిల్లీమీటర్లు, పీఈ 2 అంటే 0.235, పీఈ 3 అంటే 0.285, పీఈ 4 అంటే 0.33. పెట్టె మీద పెద్దక్షరాల్లో వేసే పౌండ్ల కంటే ఈ నంబర్ చూడటం మంచిది, ఎందుకంటే చవక దారాల్లో మందం ఎక్కువుండి సన్నం అని రాసినవి నేను చాలా చూశాను. మన 50 మీటర్లకి పీఈ 2 సరిపోతుంది. మంచి రకమైతే 30 పౌండ్లకి, అంటే 13 కిలోల పైచిలుకుకి తెగుతుంది. పీఈ 4 వేస్తే గట్టిగా ఉంటుంది కదా అనిపిస్తుంది, కానీ అది పీఈ 2 కంటే 40 శాతం మందం, నీళ్ళు దాన్ని అంత ఎక్కువగా లాగుతాయి, అప్పుడు 100 గ్రాముల జిగ్ చాలక 150 వేయాలి, 150కి వేరే రాడ్ కావాలి. ఒక్క దారం లావైనందుకు సెట్టంతా మారిపోతుంది.

పొడవు 300 మీటర్లు తీసుకోండి. 50 మీటర్ల లోతుకి 300 ఎందుకంటే, రాళ్ళల్లో పట్టుకుంటే దారం తెగుతుంది, తెగినప్పుడల్లా కొంత పోతుంది, పెద్ద చేప పరిగెడితే ఇంకొంత బయటికి పోతుంది. ప్రతి 10 మీటర్లకి రంగు మారే రకం దొరికితే అదే కొనండి. అడుగు 45 దగ్గర తగిలింది, చేప 38 దగ్గర కొట్టింది అని తెలిస్తే మళ్ళీ అక్కడే ఆడించొచ్చు, లోతు చూపించే ఫైండర్ లేని పడవ మీద ఇది నిజంగా కళ్ళు ఇచ్చినట్టే.

రీల్: డబ్బంతా ఇక్కడ

మొత్తం డబ్బుని నాలుగు భాగాలు చేసుకుంటే రెండు భాగాలు రీల్‌కి, ఒకటి రాడ్‌కి, ఒకటి దారానికీ జిగ్‌లకీ. నా లెక్క ఇది, కొందరు ఒప్పుకోరు. కానీ చవక రాడ్ ఒకటి రెండేళ్ళు బానే లాగుతుంది, చవక రీల్ మాత్రం ఉప్పునీళ్ళలో మూడో ట్రిప్పుకే అసలు రంగు చూపిస్తుంది.

స్పిన్నింగా, ఓవర్‌హెడ్డా అన్నది ముందు తేల్చుకోవాలి. స్పిన్నింగ్ రీల్ రాడ్ కింద వేలాడుతుంది, దారం వదలడం తేలిక, చిక్కు తక్కువ, పడవకి దూరంగా విసరడానికి కూడా పనికొస్తుంది. ఓవర్‌హెడ్ రాడ్ పైన కూర్చుంటుంది, దారం స్పూల్ (దారం చుట్టుకునే చక్రం) మీదికి నేరుగా వస్తుంది, స్పిన్నింగ్‌లోలాగా రోలర్ అనే బుల్లి చక్రం దగ్గర మలుపు తిరగదు, కాబట్టి బరువు లాగేటప్పుడు దమ్ము ఎక్కువ, అదే శక్తికి సైజు చిన్నది. కానీ వదిలేటప్పుడు బొటనవేలు స్పూల్ మీద ఉంచాలి, లేకపోతే జిగ్ అడుక్కి తగిలినా స్పూల్ తిరుగుతూనే ఉండి పిచ్చుక గూడు తయారవుతుంది. పైగా చాలా జిగ్గింగ్ రీళ్ళకి దారం పరిచే యంత్రం ఉండదు, తిప్పేటప్పుడు వేలితోనే అటూ ఇటూ నెట్టాలి.

నా సలహా: 60 మీటర్ల లోపు, 150 గ్రాముల లోపు అయితే మొదటి రీల్ స్పిన్నింగ్ తీసుకోండి. అంతకంటే లోతైతే ఓవర్‌హెడ్. నెమ్మదిగా ఆడించే స్లో పిచ్ పద్ధతి నేర్చుకోవాలనే ఆలోచన ఉంటే మాత్రం, లోతు తక్కువైనా ఓవర్‌హెడ్డే. పావు తిప్పు, అర తిప్పు కొలిచి జిగ్‌ని లేపడానికి దానంత సుఖం స్పిన్నింగ్‌లో ఉండదు.

స్పిన్నింగ్‌లో 4000 నుంచి 6000 మధ్య సైజు చూడండి, కానీ ఆ నంబర్‌ని గుడ్డిగా నమ్మకండి. ఒక కంపెనీ 4000 ఇంకో కంపెనీ 4000 ఒకటి కాదు, ఉదాహరణకి డైవా బీజీలో 4000 అంటే షిమానో 4000 కంటే పెద్దది. పీఈ 2 దారం 300 మీటర్లు పడుతుందా లేదా అన్నదే అసలు కొలత, అది స్పూల్ అంచున గానీ పెట్టె మీద గానీ రాసి ఉంటుంది. బరువు 400 నుంచి 600 గ్రాముల మధ్య ఉంటే రోజంతా ఆడించగలరు.

ఇక లోపలి సంగతులు. ముందు శరీరం. ప్లాస్టిక్, గ్రాఫైట్ ఒంటి స్పిన్నింగ్ రీళ్ళు తేలిగ్గా ఉంటాయి గానీ బరువు పడగానే మెలితిరుగుతాయి, ఆ మెలికకి లోపలి పళ్ళు ఒకదానికొకటి సరిగ్గా కూర్చోవు, కొన్నాళ్ళకి తిప్పుతుంటే గరగర మొదలవుతుంది. లోహపు ఒళ్ళు ఉన్న రీల్‌లో అతి చవకది, మీ డబ్బుకి అందేది, అదే మీ రీల్. పెన్ బ్యాటిల్, డైవా బీజీ ఈ తరగతిలో చాన్నాళ్ళుగా జనం వాడుతున్నవి, రెండూ లోహపు ఒంటివే. ఓవర్‌హెడ్‌లో గ్రాఫైట్ ఫ్రేమ్ అంత ప్రమాదం కాదు, పెన్ స్క్వాల్ లాంటివి గ్రాఫైట్ ఫ్రేమ్‌తోనే చక్కగా పనిచేస్తాయి, ఎందుకంటే అక్కడ స్పూల్‌ని రెండు వైపులా పలకలు పట్టుకుని ఉంటాయి.

తర్వాత డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారాన్ని కొంచెం కొంచెంగా జారనిచ్చే బ్రేకు. దీనిగురించి పెట్టె మీద రాసేదంతా డాబు. 15 కిలోల డ్రాగ్, 20 కిలోల డ్రాగ్ అని వేస్తారు. మన దారం 13 కిలోలకి తెగుతుంది కదా, డ్రాగ్ పెట్టాల్సింది అందులో పావు వంతు, మహా అయితే మూడో వంతు, అంటే 3.4 నుంచి 4.5 కిలోలు. 20 కిలోల డ్రాగ్ పూర్తిగా బిగిస్తే దారం తెగుతుంది, లేదా మీరు పడవలోంచి నీళ్ళలోకి వెళ్తారు. మనకి కావలసింది నాలుగు కిలోల దగ్గర ఆగకుండా, ఉలిక్కిపడకుండా, వెన్న కోసినట్టు జారే డ్రాగ్. చవక రీళ్ళలో డ్రాగ్ లోపల ఫెల్ట్ వాషర్లు (ఒత్తు గుడ్డ బిళ్ళలు) వస్తాయి, తడిస్తే వాటి పట్టు మారిపోతుంది. కార్బన్ ఫైబర్ వాషర్లు ఉన్నవే తీసుకోండి. పెన్ వాళ్ళు హెచ్‌టీ 100 అని పిలిచేవి అవే.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. దారం బయటికి పోయేకొద్దీ స్పూల్ మీద దారం చుట్ట చిన్నదవుతుంది, డ్రాగ్ మాత్రం మీరు పెట్టినంతే పట్టుతో బిగుసుకుని ఉంటుంది, కాబట్టి చుట్ట అడ్డుకొలత సగానికి తగ్గితే దారం మీద లాగుడు రెట్టింపవుతుంది. పెద్ద చేప దూరం పరిగెత్తాక సరిగ్గా అప్పుడే దారం తెగడానికి ఒక కారణం ఇదే. అది పరిగెడుతున్నప్పుడు బిగించాలనిపిస్తుంది, నిజానికి కొంచెం వదలాలి.

గేర్ నిష్పత్తి అంటే హ్యాండిల్ ఒక చుట్టుకి స్పూలో, స్పిన్నింగ్‌లో అయితే దాని చుట్టూ తిరిగే రోటరో ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది. 5.7:1 అంటే ఐదున్నర పైన. ఆ అంకె ఒక్కటీ చూస్తే ఏమీ తెలీదు, స్పూల్ సైజుతో కలిపి చూడాలి. స్పూల్ మీద దారం చుట్ట అడ్డంగా 55 మిల్లీమీటర్లు అనుకోండి, దాన్ని 3.14తో, తర్వాత 5.7తో గుణిస్తే 98 సెంటీమీటర్లు వస్తుంది, ఒక్క తిప్పుకి అంత దారం లోపలికి. అడుగు జిగ్గింగ్‌కి 80 నుంచి 100 సెంటీమీటర్లు హాయి. అంతకంటే ఎక్కువైతే జిగ్ వేగంగా ఎగురుతుంది గానీ చేప పడ్డాక తిప్పలేక చస్తారు, తక్కువైతే ప్రతిసారీ ఖాళీ జిగ్‌ని పైకి తేవడానికే చెయ్యి పీకుతుంది.

బేరింగుల సంఖ్య గురించి పట్టించుకోకండి. 12 బేరింగులని రాసిన చవక రీల్ కంటే మంచివి 5 ఉన్నదే నయం, ఉప్పునీళ్ళలో చెడిపోయే బేరింగులు ఎన్ని ఎక్కువుంటే అన్ని తలనొప్పులు.

హ్యాండిల్‌ని మాత్రం చేత్తో పరీక్షించండి. నా రెండో రీల్ కథ ఇదే. కొత్తలో హ్యాండిల్ మడత దగ్గర వెంట్రుకవాసి ఆట ఉండేది, పెద్ద విషయం కాదనుకున్నాను. నాలుగో ట్రిప్పులో ఏదో బరువైనది పడింది, పది మీటర్లు పైకి తెచ్చాక హ్యాండిల్ టకటకమంటూ ఊగడం మొదలైంది, ఓ తిప్పుకి పట్టు దొరుకుతుంది, ఇంకో తిప్పుకి జారుతుంది. ఎడమచేత్తో స్పూల్‌ని నొక్కిపట్టుకుని, కుడిచేత్తో దారం అంగుళం అంగుళం లాగుతూ ఉంటే బ్రెయిడ్ వేలి మడతలోకి దిగింది. చేప పోయింది, మచ్చ ఉంది. కాబట్టి మడిచే హ్యాండిల్ కాకుండా, నేరుగా గేర్‌లోకి మరమేకులా బిగుసుకునే హ్యాండిల్ ఉన్న రీల్ చూడండి. కొనలో పిడి గుండ్రటి ఫోమ్ ముద్దలా గానీ అడ్డకర్రలా గానీ ఉండాలి, చిటికెడు వేళ్ళతో పట్టుకునే బిళ్ళ పిడి వద్దు.

చివరగా లైన్ రోలర్, స్పిన్నింగ్‌లో దారం మలుపు తిరిగే బుల్లి చక్రం. ఉప్పుకి ముందుగా చచ్చేది ఇదే. షాపులో వేలితో తిప్పి చూడండి, తేలిగ్గా తిరగాలి. అది బిగుసుకుపోతే దారం దానిమీద రాసుకుంటూ వెళ్ళి మెలికలు పడి పాడవుతుంది. నీళ్ళు లోపలికి పోకుండా సీల్ చేసిన రీళ్ళు ఉన్నాయి, పెన్ స్పిన్‌ఫిషర్‌కి ఐపీఎక్స్ 5, స్లామర్‌కి ఐపీఎక్స్ 6 రేటింగ్. డబ్బు సాగితే బాగుంటుంది, సాగకపోతే కడుక్కోవడం నేర్చుకుంటే చాలు.

ఇప్పుడు రాడ్

కాగితం మీద రాసుకున్న అంకె తీయండి. రాడ్ మీద, పిడికి కాస్త పైన, సన్న అక్షరాల్లో జిగ్ ఇన్ని గ్రాములు, పీఈ ఇంత అని ఉంటుంది. మీ మామూలు జిగ్ ఆ అంకెల మధ్యలో పడాలి. 100 గ్రాముల జిగ్‌కి 60 నుంచి 150 అని రాసిన రాడ్ సరైనది. 100 నుంచి 250 అని ఉన్నది తీసుకుంటే, 100కి అది వంగదు, వంగని రాడ్ జిగ్‌ని ఎగరెయ్యదు, ఊరికే మోస్తుంది. జిగ్ బరువు రాయకుండా 30 నుంచి 50 పౌండ్లు అని దారం బలం మాత్రమే రాసిన పాత పద్ధతి పడవ రాడ్లు ఎరతో పట్టడానికి. నేను మొదట కొన్నది అలాంటిదే.

పొడవు ఐదున్నర నుంచి ఆరున్నర అడుగుల మధ్య. పొడుగు రాడ్ చేపకి సాయం చేస్తుంది. చేప లాగేది కొన దగ్గర, మీరు పట్టుకునేది మొదట్లో, మధ్యలో పొడవెంత ఎక్కువుంటే మీ మణికట్టు మీద బరువంత పెరుగుతుంది. విసరడానికి పొడుగు కావాలి, నిలువుగా ఆడించడానికి అక్కర్లేదు.

బ్లాంక్, అంటే రాడ్ కర్ర, కార్బన్‌తో గానీ ఫైబర్‌గ్లాస్‌తో గానీ రెండూ కలిపి గానీ చేస్తారు. కార్బన్ తేలిక, చేతికి కబురు బాగా అందిస్తుంది, దెబ్బ తగిలితే మాత్రం పుటుక్కున పోతుంది. గ్లాస్ బరువు, మొద్దు, కానీ చావదు. చవకలో రెండూ కలిపినవి కొనడమే తెలివి. పడవ మీద రాడ్డు అంచుకి కొట్టుకుంటుంది, ఎవరో ఒకరు కాలేస్తారు, పూర్తి కార్బన్ చవక రాడ్ ఆ జీవితానికి పుట్టలేదు.

గైడ్లని ఒక్కొక్కటిగా చూడండి, ఇక్కడ పది నిమిషాలు పెట్టినా తప్పులేదు. దారం వెళ్ళే ఉంగరాల లోపల సిరామిక్ వలయం ఉండాలి. అల్యూమినియం ఆక్సైడ్ వలయం చవకది, బ్రెయిడ్‌కి సరిపోతుంది, సిలికాన్ కార్బైడ్ ఇంకా గట్టిది. ఫూజీ కంపెనీ గైడ్లు వేసిన రాడ్ దొరికితే సగం బెంగ తీరినట్టే. చెవిలో పెట్టుకునే దూదిపుల్ల ఒకటి జేబులో వేసుకెళ్ళండి, ఒక్కో ఉంగరం లోపల తిప్పండి, దూది పోగు చిక్కుకుందంటే అక్కడ కంటికి కనపడని పగులుంది, ఆ పగులు మీ బ్రెయిడ్‌ని కోసేస్తుంది. తర్వాత రాడ్‌ని కంటికి ఆనించి మొదటినుంచి కొనకి చూడండి, గైడ్లన్నీ ఒకే గీత మీద ఉండాలి. ఓవర్‌హెడ్ రాడ్లలో కొన్నిటికి గైడ్లు పైనుంచి మొదలై మెల్లగా పక్కకి తిరిగి కిందికి వస్తాయి, అది లోపం కాదు, కావాలనే అలా కడతారు, బరువు పడినప్పుడు రాడ్ చేతిలో మెలితిరగకుండా.

స్పిన్నింగ్ రీల్‌కి స్పిన్నింగ్ రాడ్, ఓవర్‌హెడ్‌కి ఓవర్‌హెడ్ రాడ్. ఒకదానిది ఇంకోదానికి తగిలించకండి. స్పిన్నింగ్ రాడ్ మొదటి గైడ్ పెద్దగా ఉంటుంది, ఓవర్‌హెడ్‌కి చిన్నవి ఎక్కువ ఉంటాయి, రీల్ కూర్చునే చోట వేలికి ఆనడానికి చాలావాటికి కొక్కెం ఉంటుంది.

రెండు ముక్కల రాడ్ అయితే అతుకు పిడి దగ్గర ఉన్నది తీసుకోండి. నడుం దగ్గర అతుకున్నవి ఎగరేసీ ఎగరేసీ వదులవుతాయి, గంటకోసారి బిగించి చూసుకోవాలి. పిడి వెనక భాగం చంకలో పట్టేంత పొడవుండాలి, ముంజేయి మీద ఆనిస్తే బరువంతా మణికట్టు మోయదు. ఇది చదివితే అర్థం కాదు, చంకలో పెట్టుకుని ఓసారి ఎత్తి చూస్తే వెంటనే తెలుస్తుంది.

షాపులో పరీక్ష ఇలా చేయండి. మీ 100 గ్రాముల జిగ్ ఒకటి వెంట తీసుకెళ్ళి, రాడ్ కొనకి దారంతో కట్టి, అడ్డంగా పట్టుకుని చిన్నగా ఎగరేయండి. కొన వంగి, మళ్ళీ తనంతట తాను లేవాలి. వంగకపోతే అది మీకు బరువైన రాడ్, వంగి అక్కడే వేలాడుతుంటే తేలికైనది. ఇంకొకరిని దారం పట్టుకుని లాగమని, రాడ్‌ని నేలకి సమానంగానో కొంచెం పైకో పట్టుకోండి. కొన పట్టుకుని పైకి వంచి చూడటం మాత్రం చేయకండి, చేపతో కూడా అదే నియమం, రాడ్ నిలువుగా లేచిందంటే బరువంతా సన్నటి కొన మీదే పడి విరుగుతుంది. స్లో పిచ్ రాడ్లయితే మరీ సున్నితం. అవి జిగ్ ఆడించడానికే, చేప పడ్డాక రాడ్ కిందికి దించి రీల్‌తోనే లాగాలి.

పాతవి కొంటే

పాత సామాను కొనడం తప్పేం కాదు, అదే డబ్బుకి ఒక మెట్టు పై రీల్ వస్తుంది. మరమేకుల తలలు చూడండి, వాటి చుట్టూ తెల్లటి పొడి గానీ పచ్చటి చిలుం గానీ ఉంటే లోపల ఇంకా ఎక్కువుంటుంది. తలల గీతలు నలిగిపోయి ఉంటే ఎవరో విప్పి ప్రయోగాలు చేశారని అర్థం. హ్యాండిల్‌ని తిప్పకుండా ముందుకీ వెనక్కీ తోసి చూడండి, కళ్ళు మూసుకుని నెమ్మదిగా తిప్పండి, వేలికి ఇసుక తగిలినట్టుంటే వద్దనండి. వెనక్కి తిప్పడానికి ప్రయత్నిస్తే వెంటనే ఆగిపోవాలి. డ్రాగ్‌ని సగం బిగించి దారం లాగండి, ఆగి ఆగి వస్తుంటే వాషర్లు పోయాయి, అది మాత్రం మార్చుకోవచ్చు, ధర తగ్గించమని అడగడానికి మంచి సాకు. రాడ్ అయితే దూదిపుల్ల పరీక్ష, బ్లాంక్ పొడవునా గోరు జరిపి గాట్లు చూడటం, అంతే.

ఇంట్లో సిద్ధం చేయడం

బ్రెయిడ్‌ని నేరుగా స్పూల్‌కి కడితే గుండ్రంగా జారిపోతుంది, చేప లాగితే దారం మొత్తం స్పూల్ మీద చక్రంలా తిరుగుతుంది. కింద పది మీటర్లు నైలాన్ చుట్టి దానికి కట్టండి. చుట్టేటప్పుడు తడి గుడ్డతో దారాన్ని గట్టిగా పట్టుకుని బిగువుగా చుట్టాలి, వదులుగా చుడితే పై చుట్లు కింది చుట్లలోకి దిగబడి, సరిగ్గా చేప పరిగెత్తేటప్పుడు ఇరుక్కుంటాయి. స్పూల్ అంచుకి 2 మిల్లీమీటర్లు ఖాళీ ఉంచండి.

బ్రెయిడ్ రాళ్ళకి రాసుకుంటే ఇట్టే తెగుతుంది కాబట్టి చివర్న 40 పౌండ్ల ఫ్లోరోకార్బన్ లీడర్ (బ్రెయిడ్‌కీ జిగ్‌కీ మధ్య కట్టే దారం) రెండు మూడు మీటర్లు. కలపడానికి ఎఫ్‌జీ ముడి అన్నిటికన్నా సన్నగా గైడ్లలోంచి జారిపోతుంది. మొదటి పదిసార్లు విసుగొస్తుంది, ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని నేర్చుకోండి, ఊగే పడవ మీద కాదు.

డ్రాగ్ పెట్టడానికి సామాన్లు తూచే స్ప్రింగ్ త్రాసు చాలు. దారం కొసని త్రాసు కొక్కేనికి కట్టి, ఒకరు త్రాసు పట్టుకుంటే మీరు రాడ్ కిందికి దించి దారం, రాడ్ ఒకే గీతలో ఉండేలా వెనక్కి నడవండి. దారం జారడం మొదలైనప్పుడు ముల్లు ఎక్కడుందో చూసి, 3.5 కిలోల దగ్గరికి వచ్చేదాకా నాబ్ తిప్పండి. చేత్తో లాగి సరిపోయిందనుకోవడం నాకూ అలవాటే, త్రాసు పెట్టి చూస్తే ఒకటిన్నర కిలో ఉంది.

మొదటి రోజు, ఆ తర్వాత

మొదటి గంటలో చేప గురించి ఆలోచించకుండా మీ చేతిని గమనించండి. మణికట్టు నొప్పెడితే రాడ్ పిడి చంకలోంచి జారుతోంది. భుజం నొప్పెడితే జిగ్‌ని మరీ ఎత్తుకి లేపుతున్నారు, రాడ్ అర మీటరు కదిలితే చాలు. రీల్ తిప్పే చెయ్యి నొప్పెడితే జిగ్ బరువెక్కువ, ఒక మెట్టు తగ్గించండి. జిగ్ అడుగుకి తగిలిన వెంటనే లేపండి, అక్కడే వదిలేస్తే రాళ్ళల్లో ఇరుక్కుంటుంది, కొత్తల్లో నేను ఒక రోజులో నాలుగు పోగొట్టుకున్నాను.

ఇంటికి వచ్చాక రీల్ డ్రాగ్ పూర్తిగా బిగించి, కుళాయి నీళ్ళు సన్నగా పైనుంచి పడేలా పెట్టి కడగండి. గట్టి ధారతో కొడితే ఉప్పు లోపలికి పోతుంది, బకెట్లో ముంచితే ఇంకా ఎక్కువ పోతుంది. గైడ్లు, రీల్ కూర్చునే చోటు కూడా కడిగి, రీల్ విప్పి, రెండిటినీ గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. లైన్ రోలర్‌కి ఒక్క చుక్క నూనె. తుప్పు వదిలించే స్ప్రే నూనె కాదు, అది ఉన్న గ్రీజుని కూడా కడిగేస్తుంది. అంతా ఆరాక డ్రాగ్ నాబ్‌ని వదులు చేసి పెట్టండి, బిగించి ఉంచితే వాషర్లు ఒకదానికొకటి అతుక్కుని, తర్వాతి ట్రిప్పులో మొదటి చేప లాగినప్పుడు ఒక్క క్షణం ఆగి జారతాయి, ఆ ఒక్క క్షణానికే దారం తెగుతుంది.